పానగల్ రాజా – ఉద్యోగములలో న్యాయము

ప్రభుత్వోద్యోగమునకు మతము, కులము, పుట్టుక అడ్డు కారాదని నేడు మన రాజ్యాంగము 16వ అధికరణమున చెప్పుచున్నది. ఈ న్యాయమునకై నూఱేండ్లకు పూర్వమే ఒక తెలుగు పెద్ద ప్రభుత్వాజ్ఞ వెలువరించిరి. వారే పానగల్ రాజాగా ప్రసిద్ధిచెందిన పానగంటి రామారాయణింగారు.

వారు 1866 జులై 9వ తేదీన కాళహస్తిలో జన్మించిరి. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి పట్టభద్రులైరి. జస్టిస్ పార్టీ నాయకులలో ఒకరై, 1921 జులైలో మద్రాసు రాజధానికి ప్రధానమంత్రి పదవి స్వీకరించిరి. మన అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములు నాడు ఆ రాజధానిలోనివే. కావున ఇచటి కచ్చేరీలలోని కొలువులకును మద్రాసు ఉత్తరువులే వర్తించెడివి.

ఆ కాలమున బ్రాహ్మణులు జనాభాలో నూటికి నలుగురికి మించకపోయినను, ఆంగ్లవిద్యలో ముందుండుటచే డిప్యూటీ కలెక్టరు, జిల్లా మునసబు పదవులలో అధికభాగము వారికే లభించుచుండెను. ఈ స్థితిని సవరింప నెంచి రాజావారి ప్రభుత్వము 1921 సెప్టెంబరు 16న ఒక ఉత్తరువు జారీచేసెను. కొత్త నియామకములు వివిధ వర్గములకు పంచబడవలెననియు, ఎవరిని ఎందఱిని నియమించిరో ఆయా శాఖాధిపతులు లెక్కలు పంపవలెననియు దాని సారాంశము. 1922లో మఱియొక ఉత్తరువు దానిని బలపఱచెను.

అయినను ఆ ఉత్తరువునకు ఒక లోపము కలదు. అందఱికన్న వెనుకబడిన దళితులకు అందు ప్రత్యేకముగా వాటా పేర్కొనబడలేదు. ఈ అన్యాయమును ఎత్తిచూపిన ఎం.సి. రాజా 1923లో జస్టిస్ పార్టీని వీడిరి. పేరు చెప్పని వాటా ఎవరి ఇంటికిని చేరదు గదా! 1926లో పానగల్ రాజా పదవి నుండి వైదొలగిరి. పిమ్మట సుబ్బరాయన్ మంత్రివర్గకాలమున, మంత్రి ముత్తయ్య మొదలియారు పూనికతో, ప్రతి పన్నెండు ఉద్యోగములలో ఒకటి దళితులకు నిర్ణయింపబడెను. 1928 డిసెంబరు 16న రాజావారు దివంగతులైరి.

ఈ పద్ధతి 1951లో న్యాయస్థానమున నిలువలేదు. ఆ ఏటనే రాజ్యాంగమునకు మొదటి సవరణ జరిగి, విద్యాలయములలో వెనుకబడిన వర్గములకు ప్రత్యేక ఏర్పాట్లు చేయు అధికారము ప్రభుత్వములకు లభించెను.

కాయకమునకు ఎక్కువ తక్కువలు లేవని విశ్వసించు మనకు రాజావారి చరిత్ర ఒక హెచ్చరిక. న్యాయము చేయుటకు ఆజ్ఞ మాత్రమే చాలదు. వెనుకబడినవానిని పేరుపెట్టి పిలిచి పీట వేయవలెను.