ఊపిరికి కాపు: డాక్టరు రూపాబాయి ఫర్దూన్జీ

హైదరాబాదు నగరమునకు దక్షిణమున, శ్రీశైలము పోవు బాట ప్రక్కన, పహాడీ షరీఫ్ అను గుట్ట కలదు. గుట్టమీద బాబా షరఫుద్దీన్ గారి దర్గా. ఆ మెట్లెక్కి పోవువారిలో ముస్లిములతోపాటు హిందువులును కనబడుదురు. సంతానము కోరువారు, రోగవిముక్తి కోరువారు అచట చాదరు సమర్పించి మ్రొక్కుకొందురు.

కొన్ని యేండ్ల క్రిందట మా బంధువొకరికి గుండెకు శస్త్రచికిత్స జరిగినది. ఆనాటి ఉదయమున ఆయన భార్య ఆ మెట్లెక్కి, పూలచాదరు సమర్పించి, తిన్నగా ఆసుపత్రికి వచ్చి వసారాలో కూర్చుండెను. మధ్యాహ్నము దాటినపిదప శస్త్రవైద్యుడు వెలుపలికి వచ్చి అంతయు సవ్యముగా జరిగినదని చెప్పగా, ఆమె ఆయనకు రెండు చేతులెత్తి నమస్కరించెను. లోపల, తన భర్త గుండె నిలిచియున్నంతసేపును ఒక యంత్రము ముందు కూర్చుండి ఆయన నెత్తుటిని నడిపించిన వారు మరియొకరు కలరని ఆమె ఎరుగదు. నేనును అప్పటి కెరుగను.

గుండెను తెరచి బాగుచేయవలెనన్న తరచుగా దానిని నిలుపవలసియుండును. నిలిచినంతసేపును దేహమునకు నెత్తురు పారుచుండవలెను. ఆ నెత్తురునకు ప్రాణవాయువు అందుచుండవలెను. అందుకై సిరలనుండి వచ్చు నల్లని నెత్తురును గొట్టముల ద్వారా యంత్రములోనికి దింపి, అందలి బొగ్గుపులుసు వాయువును తొలగించి, ప్రాణవాయువును చేర్చి, వలసినంత చల్లబరచి, బృహద్ధమనిలోనికి మరల పంపుదురు. గొట్టములలో నెత్తురు గడ్డకట్టకుండ హెపారిన్ అను మందునిచ్చి, దాని ప్రభావమును మాటిమాటికి పరీక్షింతురు. ఒక్క గాలిబుడగ మెదడునకు పోయినను ప్రమాదమే. ఈ యంత్రమును నడుపువారిని పెర్‌ఫ్యూజనిస్టులందురు.

రోగి దేహమును కోయు పని ఒకరిదిగాను, ఆ సమయమున ప్రాణమును కాచు పని మరియొకరిదిగాను విభజించుట ఈ యంత్రముతో మొదలు కాలేదు. అది మత్తుమందుతో మొదలైనది. ఆ కాపుపనిని మన హైదరాబాదులో 1889లో చేపట్టి, ముప్పది యేండ్లకు తక్కువగాకుండ వైద్యసేవ చేసిన ఒక స్త్రీ చరిత్రను ఇచట చెప్పదలచితిని. ఆమె డాక్టరు రూపాబాయి ఫర్దూన్జీ. వైద్యవిద్య నభ్యసించి మత్తునిచ్చుటయే వృత్తిగా గైకొన్న స్త్రీలలో ప్రపంచమున ఈమెయే ప్రథమురాలని వైద్యచరిత్రకారులు పేర్కొనుచున్నారు.

రూపాబాయి పార్సీ వనిత. హైదరాబాదు వైద్యపాఠశాల 1846లో నెలకొల్పబడినది. 1885లో అందు చేరిన అయిదుగురు స్త్రీలలో ఆమె ఒకరు. ఆ కాలమున ఇది సామాన్యమైన సాహసము కాదు. మదరాసు వైద్యకళాశాల 1875లోనే స్త్రీలను చేర్చుకొనిన మాట నిజమే. కాని వైద్యవిద్యకు కాణాచియైన ఎడింబరోలో 1870లో పరీక్ష వ్రాయబోయిన స్త్రీలను పురుషవిద్యార్థులు ద్వారముకడ అడ్డగించి బురద చల్లిరి. ఆ విశ్వవిద్యాలయము స్త్రీలను వైద్యపట్టభద్రులను చేయుటకు 1894 వరకు కాలము పట్టినది. అంతకు తొమ్మిదేండ్ల ముందే మూసీతీరమున అయిదుగురు యువతులు శరీరశాస్త్రము చదువనారంభించిరి.

ఆ పాఠశాలకు అధిపతి ఎడ్వర్డు లారీ. ఆయన రెసిడెన్సీ సర్జను. ఎడింబరోలో జేమ్సు సైము అను ప్రసిద్ధ శస్త్రవైద్యుని శిష్యుడు. గురువువలెనే ఆయనకును క్లోరోఫారముపై అచంచలమైన విశ్వాసము. హైదరాబాదు వాతావరణము కూడ ఆ విశ్వాసమునకు తోడ్పడినది. మొదటి మత్తుమందైన ఈథరు 35 డిగ్రీల వేడికే మరిగిపోవును. మన వేసవిలో సీసా మూత తీయగనే ఆవిరియగును. దీపము దగ్గర నిప్పంటుకొనును. క్లోరోఫారము మరుగుటకు 61 డిగ్రీల వేడి కావలెను. అందుచేత ఉష్ణదేశముల వైద్యులకు అదియే ఇష్టమయ్యెను.

అయితే క్లోరోఫారమునకు ఒక అపకీర్తి కలదు. 1847లో ఎడింబరోలో సింప్సను దానిని వాడుకలోనికి తెచ్చెను. 1848 జనవరిలో ఇంగ్లండున పదునైదేండ్ల బాలిక ఒకతె కాలిగోరు తీయించుకొనబోయి ఆ మత్తులోనే మరణించెను. అది మొదలు అట్టి మరణములు అక్కడక్కడ జరుగుచునే యుండెను. రోగికి మొదట ఆగునది గుండెయా, ఊపిరియా అను వివాదము పుట్టినది. లండను వైద్యులు గుండె యనిరి. మత్తునిచ్చువాడు నాడిమీద వ్రేలుంచవలెననిరి. ఎడింబరోవారు ఊపిరి యనిరి. నాడిని పట్టుకొని కూర్చుండువాడు శ్వాసను మరచునని వాదించిరి. ఇది పుస్తకములలోని తగవు మాత్రమే కాదు. బల్లమీద పడుకొన్న మనిషి బ్రతుకుట మత్తునిచ్చువాని చూపు ఎచట నిలుచుననుదానిమీద ఆధారపడియుండెను.

ఈ తగవును తీర్చుటకు లారీ పూనుకొనెను. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ ధనసహాయము చేసెను. 1888లో జరిగిన మొదటి హైదరాబాదు క్లోరోఫారము కమిషను నూటికి పైగా కుక్కలపై పరీక్షలు చేసి, ఎల్లప్పుడు ఊపిరియే ముందాగునని ప్రకటించెను. లండనులోని లాన్సెట్ పత్రిక దానిని నమ్మలేదు. అంతట నిజాము ఆ పత్రిక ప్రతినిధి హైదరాబాదునకు వచ్చి స్వయముగా చూచుటకై 1000 పౌనులిచ్చెను. లాడర్ బ్రంటన్ అను ప్రఖ్యాత ఔషధశాస్త్రవేత్త 1889లో వచ్చెను. ఈసారి 400కు పైగా జంతువులపై, కుక్కలు, కోతులు, గుఱ్ఱములు మొదలైనవానిపై, ప్రయోగములు జరిగినవి. గుండె చెడుననిన పక్షము వాడైన బ్రంటన్ కూడ చివరకు లారీతో ఏకీభవించెను. ప్రపంచ వైద్యపత్రికలలో హైదరాబాదు పేరు మారుమ్రోగెను.

రూపాబాయి ఈ సందడి నడుమ చదివెను. కమిషన్ల పనిలో పాలుపంచుకొనెను. 1889లో హకీము పట్టము పొందెను. ఆనాటినుండి రెసిడెన్సీ ఆసుపత్రిలోను, అఫ్జల్‌గంజు ఆసుపత్రిలోను, తరువాత విక్టోరియా జనానా ఆసుపత్రిలోను శస్త్రచికిత్సలకు క్లోరోఫారమునిచ్చు బాధ్యత నామె వహించెను. మొదటి దానిని నేడు సుల్తాన్‌బజారు ఆసుపత్రి యనుచున్నాము. రెండవది ఉస్మానియా ఆసుపత్రిగా మారినది.

ఆ పని చూచుటకు సులువుగా కనబడును. పరికరములు ఒక గుడ్డ గాని టోపీ గాని, ఒక సీసా. కాని హైదరాబాదు పద్ధతిలో నియమములు కఠినమైనవి. రోగిని వెల్లకిల పరుండబెట్టవలెను. మెడ, ఱొమ్ము, పొట్టమీది బట్టలను వదులుచేసి, శ్వాస కదలికలు కనబడునట్లు చేయవలెను. రోగి పెనగులాడకుండ, ఊపిరి బిగబట్టకుండ మెల్లమెల్లగా మందు పీల్పింపవలెను. కంటిపాపను తాకిచూచి మత్తు లోతు తెలిసికొనవలెను. గురక వినవచ్చినచో గడ్డము పైకెత్తి దారి సరిచేయవలెను. ఊపిరి నిలిచినచో తక్షణమే కృత్రిమశ్వాస నారంభింపవలెను. అన్నిటికిని మించి, మత్తునిచ్చువారు శస్త్రచికిత్సవైపు చూడనే కూడదు. కత్తి ఎచట నున్నదో, నెత్తురెంత పోవుచున్నదో చూడవలెనను కుతూహలము సహజము. దానిని అణచుకొనుటయే ఈ విద్యలో మొదటి పాఠము.

ఇచట రూపాబాయి స్త్రీయగుట ఎంత ముఖ్యమో గమనింపవలెను. మెడ, ఱొమ్ము కనబడవలెనని నియమము. పరపురుషుని ముందు ముసుగైనను తీయకూడదని ఆనాటి ఘోషా ఆచారము. రెండును ఒకచోట పొసగవు. పురుషుడు మత్తునిచ్చుటకు వచ్చినచో ఆ స్త్రీ శస్త్రచికిత్సకే ఒప్పుకొనకపోవచ్చును. ఒప్పుకొనినను బట్టల మాటున ఊపిరి కనబడకపోవును. తలాపున మరియొక స్త్రీ నిలిచినపుడే ఆ నియమము ఘోషా స్త్రీలకును ఉపయోగపడినది.

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి నగరమును ముంచివేసెను. ఆ వరదలో అఫ్జల్‌గంజు ఆసుపత్రి కూలిపోయెను. ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టునెక్కి ఎందరో ప్రాణములు దక్కించుకొనిరి. మరుసటి యేడు, 1909లో, రూపాబాయి ఎడింబరోకు పయనమయ్యెను. అప్పటికి ఆమె వృత్తిలో ఇరువది యేండ్ల అనుభవశాలి. మత్తువైద్యమునకు ప్రత్యేకమైన పట్టము ఆ కాలమున ఎచటను లేదు. కనుక ఆమె భౌతిక, రసాయనశాస్త్రములు చదివి డిప్లొమా సంపాదించెను. వాయువు ఏ వేడికి ఎట్లు వ్యాపించును, ఆవిరి గాలిలో ఎంత కలియును అను ప్రశ్నలకు సమాధానము ఆ శాస్త్రములలోనే కలదు. చేతికి వచ్చిన విద్యకు కారణము తెలిసికొనవలెనని నడివయస్సున సముద్రము దాటిన ఆమె జిజ్ఞాస మన విద్యార్థులకు ఆదర్శప్రాయము. తిరిగివచ్చి చాదర్‌ఘాటు ఆసుపత్రికి సూపరింటెండెంటయి, 1920లో ఉద్యోగవిరమణ చేసెను.

ఇక చెప్పక తీరని మాట ఒకటి మిగిలినది. ఆమె గురువు సిద్ధాంతము పూర్తిగా నిజము కాదు. 1893లో కేంబ్రిడ్జిలో గాస్కెల్, షోర్ అను శాస్త్రజ్ఞులు ఒక విచిత్రమైన ప్రయోగము చేసిరి. ఒక జంతువు నెత్తురును మరియొకదాని మెదడునకు పారునట్లు రక్తనాళములను కలిపి, మందు మెదడునకు పోయినపుడేమగునో, గుండెకు పోయినపుడేమగునో విడివిడిగా చూచిరి. క్లోరోఫారము గుండెను కూడ నేరుగా క్రుంగదీయునని తేలినది. 1911లో గుడ్‌మన్ లెవీ మరియొక రహస్యమును కనుగొనెను. మత్తు తేలికగా నున్నపుడు, అడ్రినలిన్ ప్రభావము తోడైనచో గుండె లయతప్పి గిలగిల కొట్టుకొని హఠాత్తుగా నిలిచిపోవును. భయపడినపుడు మన దేహములో ఊరునది ఆ అడ్రినలినే. లారీ మాత్రము తన మాట సడలింపలేదు.

అట్లయిన రూపాబాయి జీవితము పొరపాటు సూత్రమునకు అంకితమైనదా? నాకట్లు తోచదు. సూత్రము సగమే నిజమైనను, దానిని పాటించుటకు కావలసిన ఏకాగ్రత నిండుగా నిజము. కన్నార్పక ఊపిరిని చూచువారు ఉండిన బల్లమీద ఎన్నో ఆపదలు ముందుగనే తెలిసిపోవును. రోగి పెనగులాడకూడదను నియమము గుండెను కూడ కాపాడునదే. అంతేకాదు. భయమే గుండెకు శత్రువని లెవీ చెప్పినదానిని తలచినచో, ఘోషా స్త్రీ తలాపున మరియొక స్త్రీ నిలిచి ధైర్యము చెప్పుట మర్యాద మాత్రమే కాక చికిత్సయు నయ్యెనని నా అభిప్రాయము. కారణము తెలియకముందే మేలు జరిగినది.

గుండెయా, ఊపిరియా అను పాతతగవు చివరకు విచిత్రముగా పరిణమించినది. గాస్కెల్, షోర్ జంతువులలో కలిపినట్లే, 1954లో మినియాపొలిసులో లిల్లెహై అను శస్త్రవైద్యుడు మనుష్యుల రక్తనాళములను కలిపెను. బిడ్డ గుండెను తెరచినంతసేపు తండ్రి గాని తల్లి గాని ప్రక్కబల్లమీద పరుండి, తన గుండెతోను ఊపిరితిత్తులతోను బిడ్డను బ్రతికించుచుండెను. దానికి ముందటి యేడు, 1953 మే 6వ తేదీన, ఫిలడెల్ఫియాలో జాన్ గిబ్బన్ పదునెనిమిదేండ్ల యువతి గుండెలోని రంధ్రమును మూసెను. ఇరువదియారు నిమిషములపాటు ఆమె గుండె పనిని, ఊపిరితిత్తుల పనిని యంత్రమే చేసెను. నేడు యంత్రము ముందు కూర్చున్నవారు గుండెనే చూతుమనిగాని, ఊపిరినే చూతుమనిగాని పంతము పట్టలేరు. రెండును వారి చేతిలోనే యున్నవి. ఉన్న సాధనములు మారినవి. చూపు మరల్చకూడదను నియమము మారలేదు.

ఈ వృత్తాంతమును చదివి తెలిసికొన్న తరువాత ఒకనాడు ఆ బంధువు భార్యకు రూపాబాయి కథ చెప్పితిని. ఆమె కొంతసేపు మాటాడక, ఆనాడు యంత్రము నడిపిన వారి పేరేమని అడిగెను. ఆసుపత్రి కాగితములు వెదకి, ఆ పేరును చూపితిని. మరుసటి గురువారము ఆమె పహాడీ షరీఫు మెట్లెక్కినపుడు ఆ పేరును కూడ తలచి మ్రొక్కినదని పిదప నాకు తెలిసినది.