జాన్ బాయిడ్ డన్లప్

గాలి నింపిన టైరును లోకమునకు అలవాటు చేసిన డన్లప్ గారి జీవితమును మా విద్యార్థులకొరకు సంగ్రహముగా వ్రాయుచున్నాము.

ఈయన 1840 వ సంవత్సరము ఫిబ్రవరి 5 వ తేదీన స్కాట్లండునందలి డ్రెగ్‌హార్న్ గ్రామమున జన్మించెను. ఎడింబరో నగరమున పశువైద్యము నేర్చి, 1867 లో ఐర్లండునకు వెడలి, పిదప బెల్‌ఫాస్టు పట్టణమున ఆ వృత్తియందే స్థిరపడెను.

ఆ కాలపు చక్రములకు ఇనుప పట్టాలో గట్టి రబ్బరో యుండెడిది. రాతి వీధులలో ప్రయాణము ఒడలు హూనము చేయుచుండెను. డన్లప్ కుమారునకు చిన్న మూడుచక్రముల బండి యుండెను. వాని కుదుపు తగ్గింపగోరి, 1887 లో తండ్రి రబ్బరు గొట్టమునొకదానిని చెక్కచక్రము చుట్టును బిగించి గాలి నింపెను. ఇది మేలని తలంచి యంతటితో ఊరకుండలేదు. ఆ చక్రమును, కుమారుని బండి లోహచక్రమును పెరటిలో జతగా దొర్లించి చూచెను. లోహచక్రము నడుమనే నిలిచిపోయెను. గాలిచక్రము పెరడంతయు దాటి ద్వారస్తంభమునకు తగిలి వెనుకకు మరలెను. 1888 డిసెంబరులో ఆయనకు పేటెంటు లభించెను. మరుసటి యేట విల్లీ హ్యూమ్ అను పందెగాడు బెల్‌ఫాస్టులో ఆ టైర్లు గల సైకిలుతో గెలుపొందగా, అందరి దృష్టియు వానిపై పడెను.

అయితే, రాబర్టు విలియం థామ్సన్ అను మరియొక స్కాట్లండు దేశీయుడు 1845 లోనే ఇట్టి చక్రమునకు పేటెంటు పొందియుండెనని పిమ్మట తెలియవచ్చినది. డన్లప్ పేటెంటు చెల్లకపోయెను. 1895 లో ఆయన టైర్ల కంపెనీని విడిచెను. తన పేరు దేశదేశముల మ్రోగుచున్నను గొప్ప ధనవంతుడు కాకయే, 1921 అక్టోబరు 23 వ తేదీన డబ్లిన్ నగరమున మరణించెను.

ఆయన కనుగొన్న చక్రమునందు బరువును మోయునది ముఖ్యముగా గాలియే. నేడు మోటారుసైకిలు నడుపు పెద్దలెల్లరు దీనిని గుర్తుంచుకొనవలయును. గాలి తగ్గినచో టైరు అంచులు రెండును అరుగును, రబ్బరు మిక్కిలి వేడెక్కును. గాలి మించినచో నడిమి భాగము అరుగును, నేలపై పట్టు తగ్గును. ఒక ప్రక్కనే అరిగినచో చక్రములు రెండును ఒకే వరుసలో నున్నవో లేవో చూపింపవలయును. మిట్టపల్లములుగా అరిగినచో షాకబ్జార్బరులను, బేరింగులను పరీక్షింపజేయవలయును. బండి నడచిన పిమ్మట టైరులోని గాలి వేడెక్కి ఒత్తిడి పెరుగును గనుక, ప్రయాణమునకు ముందే, టైరు చల్లగా నున్నపుడే కొలత చూడవలయును. ఎంత గాలి యుండవలయునో బండి తయారుచేసినవారి పుస్తకమున నుండును; వెనుక మరియొకరు కూర్చుండునపుడు వెనుక టైరునకు వేరు కొలత యుండవచ్చును. బొటనవ్రేలితో నొక్కిచూచుట కొలత కానేరదు.

పశువైద్యుడైన డన్లప్ చేసిన మేలు పశువులకును చేరినది. మన పల్లెలలో టైరు బండి లాగు ఎడ్లకు భారము తగ్గినది. ఒక బిడ్డ సుఖముకొరకు మొదలైన పని యిన్ని ప్రాణులకు ఉపకరించెను. తండ్రి వెనుక కూర్చుండి బడికి వచ్చు బాలబాలికలు మాకడ పెక్కుమంది కలరు. వారి ప్రాణములు ఆ రెండు టైర్లలోని గాలిపై ఆధారపడియున్నవి. కావున తలిదండ్రులు డన్లప్ వలె, ఊహను నమ్మక, పరీక్షించి చూతురు గాక యని మా ప్రార్థన.