ఝంగర్ చేజిక్కేదాకా నేలమీదే నిద్ర

ఢిల్లీలో జామియా మిల్లియా ఇస్లామియాకు చెందిన ఖబరస్తాన్‌లో ఒక సైనికుడి సమాధి ఉంది. 1948 జూలైలో ఆయన అంత్యక్రియలకు ప్రధాని నెహ్రూ, మౌలానా అబుల్ కలాం ఆజాద్, గవర్నర్ జనరల్ రాజగోపాలాచారి హాజరయ్యారు. ఆయన బ్రిగేడియర్ ముహమ్మద్ ఉస్మాన్. మన పిల్లల్లో ఎంతమందికి ఈ పేరు తెలుసు? ఈ వారం ఆయన గురించి చెప్పుకుందాం.

ఉస్మాన్ 1912 జూలై 15న సంయుక్త రాష్ట్రాల్లోని ఆజంగఢ్ ప్రాంతంలో, బీబీపూర్ గ్రామంలో జన్మించారు. తండ్రి పోలీసు అధికారి. పన్నెండేళ్ల వయసులోనే, బావిలో పడిన ఒక పిల్లవాణ్ణి కాపాడేందుకు ఉస్మాన్ అందులోకి దూకారట. 1932లో ఇంగ్లాండులోని శాండ్‌హర్స్ట్ సైనిక కళాశాలలో చేరారు. తిరిగివచ్చి బలూచ్ రెజిమెంటులో అధికారి అయ్యారు. రెండవ ప్రపంచ యుద్ధంలో బర్మా రంగంలో పోరాడారు.

1947లో దేశంతోపాటు సైన్యమూ రెండు ముక్కలైంది. బలూచ్ రెజిమెంటు పాకిస్తాన్‌కు వెళ్లిపోయింది. తనతో కలిసి తిని, కలిసి పోరాడిన వారిలో ఎందరో అటు నడిచారు. ఉస్మాన్ మాత్రం పుట్టిన గడ్డను వదలలేదు. అటు వస్తే ముందుముందు సర్వసేనాని పదవి దక్కుతుందని పాకిస్తాన్ నాయకులు ఆశపెట్టారని సైనిక చరిత్రకారులు రాశారు. ఆయన మనసు మారలేదు.

పారాచూట్ దళాలూ అప్పుడే చీలిపోయాయి. 14వ బ్రిగేడ్ పాకిస్తాన్‌కు పోగా, 50, 77 బ్రిగేడ్లు మనకు మిగిలాయి. వీటిలో 50వది 1941లో ఏర్పడింది. 1944 మార్చిలో మణిపూర్‌లోని సంగ్‌షాక్ వద్ద జపాన్ సేనలను రోజుల తరబడి నిలువరించిన దళం అది. కాశ్మీరు యుద్ధం మొదలయ్యాక 77వ బ్రిగేడ్ నుంచి ఉస్మాన్‌ను దీనికి అధిపతిగా పంపారు. విమానాల నుంచి దూకే శిక్షణ పొందిన ఈ సైనికులు జమ్మూ కొండల్లో కాలినడకనే పోరాడవలసి వచ్చింది.

మీర్పూర్, కోట్లీల నుంచి వచ్చే దారులు కలిసే చోట ఝంగర్ ఉంది. 1947 డిసెంబరు చివరి వారంలో అది శత్రువు వశమైంది. దాన్ని తిరిగి గెలిచేదాకా మంచంమీద పడుకోనని ఉస్మాన్ శపథం చేశారు. ఎముకలు కొరికే ఆ చలిలో చాప పరుచుకుని నేలమీదే నిద్రించారు.

1948 ఫిబ్రవరి 1న ఆయన సేన కోట్‌ను గెలుచుకుంది. ఫిబ్రవరి 6న శత్రువులు వేల సంఖ్యలో నౌషేరాను చుట్టుముట్టారు. తైంధార్ కాపలాస్థానంలో నాయక్ జదునాథ్ సింగ్ ప్రాణాలర్పించి పరమవీరచక్ర పొందింది ఆ రోజే. నౌషేరా నిలిచింది. ఉస్మాన్‌కు 'నౌషేరా సింహం' అనే పేరు వచ్చింది. ఆయన తలకు శత్రువులు 50 వేల రూపాయల వెల కట్టారు. మార్చి 18న ఝంగర్ మళ్లీ మనదైంది. అప్పుడు ఊళ్లోంచి ఒక మంచం తెప్పించారు. ఆ రాత్రి బ్రిగేడియర్ దానిమీద నిద్రపోయారు.

ఉస్మాన్ పెళ్లి చేసుకోలేదు. మద్యం ముట్టలేదు. జీతంలో పెద్ద భాగాన్ని పేదపిల్లల చదువులకు ఖర్చుచేసేవారు. నౌషేరాలో అనాథలైన బాలలను చేరదీసి, చదువు చెప్పించి, వార్తలు చేరవేసే 'బాలసేన'గా తీర్చిదిద్దారు.

జూలై 3 సాయంత్రం ఝంగర్‌పై ఫిరంగులు మోగాయి. ఒక గుండు ఆయన సమీపంలోనే పేలింది. 36 ఏళ్లు నిండడానికి ఇంకా 12 రోజులుండగా ఉస్మాన్ కన్నుమూశారు. ప్రభుత్వం ఆయనకు మరణానంతరం మహావీరచక్ర ప్రకటించింది.

50వ పారాచూట్ బ్రిగేడ్ కథ అక్కడితో ఆగలేదు. 1971 డిసెంబరు 11న దాని రెండవ బెటాలియన్ తంగాయిల్ వద్ద ఆకాశం నుంచి దిగి, ఢాకా దారిని సుగమం చేసింది. ఉస్మాన్ సమాధి మాత్రం ఆలనాపాలనా లేక 2020లో దెబ్బతిన్న స్థితిలో కనిపించింది. సైన్యమే పూనుకుని దాన్ని బాగుచేయించింది. రాయిని సైన్యం బాగుచేసింది. ఆ పేరును మన ఇళ్లలో నిలబెట్టవలసింది మాత్రం మనమే.