అలెగ్జాండర్ ఫ్లెమింగ్

స్కాట్లాండులో డార్వెల్ అనే చిన్న ఊరు ఉంది. ఆ ఊరికి దగ్గరలో, కొండల నడుమ ఉన్న లాక్‌ఫీల్డ్ అనే పొలంలో ఒక రైతు కుటుంబం ఉండేది. ఆ ఇంట 1881 ఆగస్టు 6వ తేదీన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ జన్మించాడు. ఏడేళ్ల వయసులోనే తండ్రిని పోగొట్టుకున్నాడు. మైళ్ల కొద్దీ నడిచి బడికి వెళ్లేవాడు. దారిలో వాగుల్లో చేతులతోనే చేపలు పట్టేవాడు, పక్షి గూళ్లు వెతికేవాడు. దేన్నయినా నిదానించి చూసే అలవాటు అతనికి ఆ దారిలోనే అబ్బింది.

కొంచెం పెద్దవాడయ్యాక లండన్‌లో ఉన్న అన్నల దగ్గరికి చేరాడు. చదువు ముగించి ఒక ఓడల కంపెనీలో నాలుగేళ్లు గుమాస్తాగా పనిచేశాడు. ఇరవయ్యో ఏట మేనమామో పినతండ్రో అనదగిన వరుసలోని బంధువు ఒకరు పోతూ విడిచిన ఆస్తిలో కొంత వాటాకు వచ్చింది. ఆ డబ్బుతో 1901లో సెయింట్ మేరీస్ ఆసుపత్రి వైద్య విద్యాలయంలో చేరాడు. లండన్‌లో అన్ని కళాశాలలుండగా దానినే ఎందుకు ఎన్నుకున్నాడో తెలుసా? ఒకప్పుడు ఆ కళాశాల జట్టుతో నీటిలో బంతి ఆట ఆడాడు. అంతే! 1906లో పట్టా పొంది, అక్కడే ఆల్మ్‌రోత్ రైట్ అనే శాస్త్రవేత్త నడిపే ప్రయోగశాలలో చేరాడు. జీవితమంతా ఆ ఆసుపత్రిని విడువలేదు.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఫ్రాన్సులోని బులోన్ పట్టణంలో సైనికులకు చికిత్స చేశాడు. తుపాకి గుండ్లు చేసిన లోతైన గాయాలు కుళ్లి ఎందరో యువకులు మరణించేవారు. వైద్యులు ఘాటైన క్రిమిసంహారక మందులను గాయాలలో పోసేవారు. అవి లోపలి మూలల్లో దాగిన క్రిములను చేరలేవనీ, పైగా ఆ క్రిములతో పోరాడే తెల్ల రక్తకణాలనే చంపుతున్నాయనీ ఫ్లెమింగ్ ప్రయోగాలు చేసి చూపాడు. శరీరానికి హాని చేయకుండా క్రిములను మాత్రమే చంపే పదార్థం ఏదైనా ఉంటుందా? యుద్ధం ముగిసినా ఈ ప్రశ్న ఆయనను వదలలేదు.

1921లో ఆయనకు జలుబు చేసింది. తన చీమిడినే కొంచెం తీసి, సూక్ష్మజీవులను పెంచే గాజుపళ్లెంలో వేశాడు. కొన్నాళ్లకు ఆ పళ్లెంలో పసుపుపచ్చని క్రిములు పెరిగాయి. కాని చీమిడి ఉన్నచోట, దాని చుట్టుపక్కల అవి కరిగిపోయి కనిపించాయి. ఇతరులైతే అసహ్యించుకుని పారవేసేవారే. ఫ్లెమింగ్‌కు పళ్లేలను వెంటనే కడగడం అలవాటు లేదు. పారవేసే ముందు ప్రతిదాన్నీ మరోసారి చూసేవాడు.

ఆ తరువాత అనేక పదార్థాలను ఇలాగే పరీక్షించాడు. ఆ పనిలో ఆయనకు అలిసన్ అనే యువ పరిశోధకుడు తోడయ్యాడు. ఇద్దరూ నిమ్మతొక్కను కళ్లలోకి పిండుకుని, కారిన కన్నీటిని సన్నని గాజుగొట్టంతో పట్టేవారు. క్రిములతో మసకగా ఉన్న నీటిలో ఒక్క కన్నీటి చుక్క వేస్తే అది చూస్తుండగానే తేటపడింది! కన్నీరే కాదు, లాలాజలంలోనూ ఆ గుణం ఉంది. అన్నిటికన్నా కోడిగుడ్డు తెల్లసొనలో అది పుష్కలంగా ఉంది. కోడి పొదిగేటప్పుడు గుడ్డు ఇరవై ఒక్క రోజులు వెచ్చగా ఉంటుంది. పెంకుకు సన్నని రంధ్రాలు కూడా ఉంటాయి. అయినా లోపలి పిల్ల కుళ్లిపోకుండా పెరుగుతుంది. దానికి కాపలా కాసే వాటిలో ఈ పదార్థం ఒకటి. క్రిమి చుట్టూ ఉండే గోడను ఇది తెగగొడుతుంది. దీనికి లైసోజైమ్ అని పేరు పెట్టారు.

పరీక్షించే పద్ధతి చాలా సులువైనది. గడ్డకట్టిన అగర్‌లో చిన్న గుంట చేసి, అందులో పరీక్షించవలసిన పదార్థాన్ని నింపాలి. చుట్టూ క్రిములను పెంచాలి. గుంట చుట్టూ ఖాళీ వలయం ఏర్పడితే ఆ పదార్థం క్రిములను అడ్డుకుంటున్నట్టే. నేటి విద్యార్థులు వెల్లుల్లి రసాన్నో తేనెనో పరీక్షించేది ఇలాంటి పద్ధతితోనే. అయితే ఆ పళ్లేలలో ఏ క్రిములు పెరుగుతాయో చెప్పలేం కాబట్టి ఉపాధ్యాయుని పర్యవేక్షణ లేకుండా ఈ పనికి పూనుకోరాదు.

కాని లైసోజైమ్ ఆయన ఆశను తీర్చలేదు. అది చంపేది ఎక్కువగా హాని చేయని క్రిములనే. ప్రాణాంతకమైన వ్యాధులు కలిగించేవాటిలో చాలా వాటిని అది ఏమీ చేయలేకపోయింది. తోటి శాస్త్రవేత్తల సభలో దాన్ని గురించి చెబితే ఎవరూ ఒక్క ప్రశ్నయినా వేయలేదు. ఫ్లెమింగ్ మంచి వక్త కాకపోవడం కూడా అందుకు కొంత కారణమే కావచ్చు. అయినా ఆయన ఏళ్ల తరబడి ఆ పనిని కొనసాగించాడు.

1928 సెప్టెంబరులో సెలవుల నుంచి తిరిగివచ్చి పాత పళ్లేలను చూస్తున్నాడు. ఒకదానిలో బూజు పట్టింది. ఆ బూజు చుట్టూ చీముపుండ్లు కలిగించే క్రిములు కరిగిపోయి ఉన్నాయి. ఇది అదృష్టమని చాలామంది అంటారు. కాని అలాంటి ఖాళీ వలయానికి అర్థమేమిటో ఆయన కళ్లకు ఏడేళ్ల ముందే తెలుసు. ఈసారి చనిపోయినవి హానికరమైన క్రిములు! బూజు నుంచి ఊరిన ఆ పదార్థానికి పెన్సిలిన్ అని పేరు పెట్టి 1929లో ఒక వ్యాసం ప్రకటించాడు. కాని దానిని శుద్ధి చేయడం ఆయనకు సాధ్యపడలేదు.

ఆ పనిని ఆక్స్‌ఫర్డ్‌లో ఫ్లోరీ, చెయిన్, హీట్లీ మొదలైనవారు సాధించారు. ఫ్లోరీ, చెయిన్ మొదట పరిశోధించింది కూడా లైసోజైమ్ గురించే. ఇలాంటి పదార్థాలను గురించి పాత వ్యాసాలను వెతుకుతుండగా చెయిన్‌కు ఫ్లెమింగ్ వ్యాసం కంటబడింది. 1940లో ఎలుకల మీద, 1941లో రోగుల మీద పెన్సిలిన్‌ను పరీక్షించారు. మొదట చికిత్స పొందిన పోలీసు ఉద్యోగి కోలుకుంటూ ఉండగానే మందు అయిపోయింది. ఆయన మరణించాడు. తరువాత మందు విస్తారంగా తయారై లక్షల ప్రాణాలను కాపాడింది.

1945లో ఫ్లెమింగ్, ఫ్లోరీ, చెయిన్‌లకు నోబెల్ బహుమతి లభించింది. మందును చాలీచాలకుండా వాడితే క్రిములు దానికి లొంగకుండా తయారవుతాయని ఆ సందర్భంలోనే ఫ్లెమింగ్ హెచ్చరించాడు. 1955 మార్చి 11న లండన్‌లో కన్నుమూశాడు. ఆయన పోయిన పదేళ్లకు, 1965లో డేవిడ్ ఫిలిప్స్ బృందం కోడిగుడ్డు లైసోజైమ్ అణువు ఆకారాన్ని కనుగొన్నది. ఎంజైములలో అలా మొట్టమొదట రూపం తెలిసినది అదే. కొన్ని దేశాలలో చీజ్ పాడుకాకుండా తెల్లసొన నుంచి తీసిన ఆ లైసోజైమ్‌నే నేడు కలుపుతున్నారు.