సర్ వాల్టరు స్కాటు ఋణవిమోచనము

అప్పు చేయుట సులభము, తీర్చుట దుర్లభము. ఈ సంగతిని తన జీవితముచేఁ దెలిపిన ప్రసిద్ధులలో స్కాట్లండు దేశపు గ్రంథకర్త సర్ వాల్టరు స్కాటు ఒకఁడు.

ఆయన 1771వ సంవత్సరమున ఎడింబరో నగరమందు జన్మించెను. పసితనమున వ్యాధి సోఁకి కుడికాలు కుంటిదయ్యెను. పెద్దవాఁడై న్యాయస్థానమున నుద్యోగము చేయుచు, మొదటఁ గావ్యములను, 1814 మొదలు పేరు వెల్లడింపక నవలలను వ్రాసి, కీర్తిని ధనమును గడించెను. ఆ ధనముతో ట్వీడు నదీతీరమున ఆబట్సుఫర్డు అను సౌధమును గట్టించెను.

అయితే ఆయనకు లోకమెఱుఁగని వ్యాపార మొకటి గలదు. బాల్యస్నేహితుఁడగు జేమ్సు బాలంటైను అచ్చుకూటమున 1805 నుండి యాయన భాగస్వామి. ఆ యచ్చుకూటమువారును, కాన్‌స్టబులు అను ప్రచురణకర్తయు నొకరి హుండీలకు మఱియొకరు పూచీపడుచు అప్పులు పెంచిరి. స్కాటు లెక్కలు సరిగాఁ జూడకయే చేవ్రాలు చేయుచుండెను. ఇంకను వ్రాయని నవలలకు సైతము ముందుగా సొమ్ము పుచ్చుకొనుచుండెను. 1825 చివర లండనులో ధనమునకు ఎద్దడి కలిగెను. 1826 జనవరిలో అన్నియు నొక్కసారిగాఁ గూలెను. స్కాటు మీఁద నిలిచిన ఋణము లక్ష పౌనులకు మించెను. అప్పటి కాయనకు 54 ఏండ్లు.

దివాలా తీసినవాఁడు చట్టప్రకారము తన యాస్తినంతయు ఋణదాతలకు వదలి, మిగిలిన ఋణమునుండి విడుదల పొందవచ్చును. అది న్యాయమైన త్రోవయే. కాని స్కాటు దాని నొల్లక, ధర్మకర్తల నేర్పఱచి, తన యాస్తిని, ఇఁకమీఁద వ్రాయు గ్రంథముల రాఁబడిని వారి కప్పగించెను. ఋణదాతలు సమ్మతించిరి. ఎడింబరోలోని యిల్లు విడువవలసి వచ్చెను. ఆబట్సుఫర్డు మాత్రము ఒక యేఁడు ముందే పెద్దకుమారుని వివాహసమయమున నతనికి వ్రాసి యిచ్చియుండుటచే నిలిచెను. ఉద్యోగపు జీతముతోనే యాయన కాలము గడపెను.

ఆ మే నెలలో భార్య మరణించెను. అయినను స్కాటు కలము విడువలేదు. 1827లో నెపోలియను చరిత్రమును తొమ్మిది సంపుటములుగాఁ బ్రకటించెను. రెండేండ్లలో సుమారు 40,000 పౌనులు సమకూడెను. 20 షిల్లింగుల పౌనుకు 6 షిల్లింగుల వంతున ఋణదాతలకు ముట్టెను. కాన్‌స్టబులుతోపాటు తానును దివాలా తీసిన కాడెలు 1829 నుండి స్కాటు నవలలను చౌక సంపుటములుగా వెలువరించి, ఇరువురి స్థితిని బాగుపఱచెను. 1830లో ఋణదాతలు మెచ్చి, ఆయన పుస్తకములను గృహోపకరణములను మరల నాయనకే బహూకరించిరి.

కాని యా శ్రమ దేహమును గ్రుంగఁదీసెను. పక్షవాతము పలుమాఱు సోఁకెను. 1832 సెప్టెంబరు 21వ తేదిని ఆబట్సుఫర్డులో మరణించెను. అప్పటికి ఋణము పూర్తిగాఁ దీఱలేదు. జీవితభీమా సొమ్ముతోను, గ్రంథముల హక్కులతోను తక్కినది తరువాతఁ దీఱెను.

బాలబాలికలారా! అందఱికిని స్కాటు కలము లభింపదు. కావున చట్టము చూపిన త్రోవను బోయిన నిర్భాగ్యుని తూలనాడకుఁడు. కాని చేవ్రాలు చేయకముందే లెక్క చూచుకొనుట యందఱికిని సాధ్యము. చెడినప్పుడు దాఁగక, ఋణదాతల యెదుట నిలిచి, ఉన్నదున్నట్లు చెప్పుటయు సాధ్యమే. మొదటిది చేయక స్కాటు చెడెను. రెండవది చేసి మరల నిలిచెను.