కాకినాడకు చేరిన హాల్డేన్

మన దమ్మపేట చుట్టుపక్కల సింగరేణి గనుల మాట వినని ఇల్లు ఉండదు. అందుకే ఈ నెల జీవితకథను ఒక బొగ్గుగని నుంచే మొదలుపెడదాం.

జె.బి.ఎస్. హాల్డేన్ 1892లో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టారు. తండ్రి గనుల్లోని విషవాయువుల మీద పరిశోధన చేసేవారు. ఒకసారి కొడుకును గనిలోకి తీసుకెళ్లి, మీథేన్ పేరుకున్న చోట నిలబెట్టి, షేక్స్‌పియర్ నాటకంలోని ఉపన్యాసం అప్పజెప్పమన్నారు. కాసేపటికే ఊపిరాడక పిల్లవాడు కూలబడ్డాడు. కింద గాలి బాగానే ఉంది. మీథేన్ గాలికన్నా తేలిక, పైకప్పు దగ్గరే చేరుతుందని అలా తెలిసింది. మనలో ఎవరం ఇంత ధైర్యం చేస్తాం? నేనైతే చేయను.

కాలేజీలో హాల్డేన్ చదివింది గణితం, గ్రీకు, లాటిన్, తత్వశాస్త్రం. సైన్స్ డిగ్రీ ఆయనకు లేనే లేదు. అయినా 1929లో, జీవం ఎలా మొదలైందో ఊహిస్తూ ఒక చిన్న వ్యాసం రాశారు. తొలినాళ్ల భూమి మీద గాలిలో ఆక్సిజన్ లేదు. సూర్యుడి అతినీలలోహిత కిరణాలు అడ్డులేకుండా కిందికి దిగేవి. వాటి శక్తితో నీరు, కార్బన్ డయాక్సైడ్, అమ్మోనియా కలిసి చక్కెరల వంటి పదార్థాలు తయారయ్యాయి. తినే ప్రాణి లేదు కాబట్టి అవి పేరుకుపోయి, సముద్రం వేడివేడి పలచని చారులా మారింది. ఆ చారులో ఎప్పుడో, తనలాంటి దాన్నే తాను తయారుచేసుకోగల పెద్ద అణువు ఏర్పడింది. వైరస్ లాగా, ప్రాణం సగం ఉన్నట్టు, సగం లేనట్టు.

1953లో అమెరికాలో స్టాన్లీ మిల్లర్ మీథేన్, అమ్మోనియా, హైడ్రోజన్, నీటి ఆవిరి నింపిన గాజు పరికరంలో కరెంటు మెరుపులు పుట్టించి, అమైనో ఆమ్లాలు తయారవుతాయని చూపించారు. తనకు తానే నకలు తీసుకునే అణువు ఎలా పుట్టిందన్నది మాత్రం ఈనాటికీ తేలలేదు.

1957లో హాల్డేన్ మన దేశానికి వచ్చేశారు. మొదట కలకత్తాలో, తర్వాత భువనేశ్వర్‌లో పనిచేశారు. భారత పౌరసత్వం కూడా తీసుకున్నారు. మన మేనరికాల మీద అధ్యయనం చేసిన ద్రోణంరాజు కృష్ణారావు ఆయన శిష్యుడే.

1963లో అమెరికాలో జరిగిన ఒక సభలో రష్యా శాస్త్రవేత్త ఒపారిన్‌ను కలిశారు. ఇంచుమించు ఇదే ఆలోచనను ఒపారిన్ 1924లోనే ప్రచురించారు. ముందు చెప్పింది ఆయనేనని హాల్డేన్ ఏ సంకోచమూ లేకుండా ఒప్పుకున్నారు. తొలి జీవి ఒకే ఒక్క ఆర్ఎన్ఏ జన్యువు అయి ఉండవచ్చన్న ఊహను కూడా అక్కడే ముందుకు తెచ్చారు.

కొద్దికాలానికే క్యాన్సర్ బయటపడింది. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కన్నుమూశారు. తన దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాల విద్యార్థుల చదువుకు ఇవ్వాలని ముందే రాసిపెట్టారు. అలాగే పంపారు.