సోయా గింజలో మందు వెతికిన పెర్సీ జూలియన్

ఉండడానికి గది, తినడానికి మెస్ ఉన్నాయి కాబట్టే మనలో చాలామందిమి పై చదువులదాకా వచ్చాం. ఆ రెండూ దొరకని ఒక విద్యార్థి పెద్ద రసాయన శాస్త్రవేత్త అయ్యారు. ఆయన పేరు పెర్సీ లావన్ జూలియన్, అమెరికాలోని నల్లజాతీయుడు.

జూలియన్ 1899 ఏప్రిల్ 11న అలబామా రాష్ట్రంలోని మాంట్‌గోమరీలో పుట్టారు. తాతగారు బానిస. చదువు నేర్చుకున్నాడన్న నేరానికి ఆయన చేతివేళ్ళు రెండు నరికేశారు. తండ్రి జేమ్స్ రైల్వే తపాలా గుమాస్తా, తల్లి ఎలిజబెత్ టీచరు. ఆ ఊళ్ళో నల్లపిల్లలకు ఎనిమిదో తరగతి తరువాత ప్రభుత్వ హైస్కూలు లేదు. నల్లవారి ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో చదివి, 1916లో ఇండియానా రాష్ట్రంలో గ్రీన్‌కాజిల్ అనే ఊళ్ళోని డిపా యూనివర్సిటీలో చేరారు.

అక్కడి హాస్టల్లో నల్లవారికి చోటు లేదు. ఊళ్ళో తిండి పెట్టే చోటు దొరకడానికే ఒకటిన్నర రోజు పట్టింది. చివరికి తెల్ల విద్యార్థులు ఉండే ఒక ఇంట్లో పనికి కుదిరారు. పొయ్యిలో బొగ్గు వేయడం, భోజనాలు వడ్డించడం ఆయన పని. పడక అటక మీద. పగలు డిగ్రీ క్లాసులు, సాయంత్రాలు తాను చదవని హైస్కూలు పాఠాలు. 1920లో క్లాసులో మొదటివాడిగా బయటికొచ్చారు. తల్లిదండ్రులు మిగతా పిల్లల చదువు కోసం కాపురమే గ్రీన్‌కాజిల్‌కు మార్చేశారు. తమ్ముళ్ళిద్దరు డాక్టర్లయ్యారు, చెల్లెళ్ళు ముగ్గురూ ఎం.ఏ. స్థాయి చదివారు. నా దృష్టిలో ఆ తల్లిదండ్రులది కొడుకు సాధించినదానికి తక్కువేమీ కాదు.

1923లో హార్వర్డ్‌లో మాస్టర్స్ డిగ్రీ వచ్చింది గాని, తెల్ల విద్యార్థులకు పాఠం చెప్పే అవకాశం ఇవ్వలేదు. డాక్టరేట్ కోసం వియన్నా వెళ్ళి 1931లో సాధించారు. తిరిగి డిపాకే వచ్చి, స్నేహితుడు జోసెఫ్ పిక్ల్‌తో కలిసి కాలబార్ చిక్కుడు గింజలోని ఫైసోస్టిగ్మిన్ అనే కంటిజబ్బు మందును 1935లో ప్రయోగశాలలో తయారు చేశారు. ఇంగ్లాండులో పేరుమోసిన రాబర్ట్ రాబిన్సన్ చెప్పిన మార్గం తప్పని తేల్చారు. అయినా యూనివర్సిటీ ఆయనకు ప్రొఫెసర్ పదవి ఇవ్వలేదు. ఒక పెద్ద కంపెనీ పిక్ల్‌కు ఉద్యోగమిచ్చి, జూలియన్‌ను వద్దంది.

1936లో షికాగోలోని గ్లిడెన్ కంపెనీలో సోయాచిక్కుడు పరిశోధనకు అధిపతి అయ్యారు. ఒకసారి లక్ష గ్యాలన్ల సోయా నూనె ట్యాంకులోకి నీరు దిగి, అడుగున తెల్లని పదార్థం పేరుకుంది. నూనె పాడైందని అందరూ కంగారు పడ్డారు. జూలియన్ మాత్రం గుర్తుపట్టారు. కాలబార్ గింజల నూనెలో కూడా ఆయన ఇలాంటి స్ఫటికాలే చూశారు. అది స్టిగ్మాస్టెరాల్.

బైపీసీ తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఇక్కడ కాస్త నెమ్మదిగా చదవండి. ఆకుల్లోని హరితరేణువుల పొరల్లో కొవ్వు ఆమ్లాల గొలుసులు ఉంటాయి. గొలుసులన్నీ నిటారుగా ఉంటే పొర పేరిన నెయ్యిలా బిగుసుకుంటుంది. అందుకని కొన్ని ఎంజైములు గొలుసులోంచి రెండు హైడ్రోజన్లు తీసి అక్కడ ద్విబంధం పెడతాయి. గొలుసు వంగుతుంది, పొర మెత్తగా ఉంటుంది. సోయా నూనె చలికాలంలో నెయ్యిలా పేరుకోకపోవడానికీ ఈ ద్విబంధాలే కారణం. మొక్క కణాల పొరలో స్టెరాల్స్ అనే మరోరకం కొవ్వులు కూడా ఉంటాయి. వాటిలో సిటోస్టెరాల్‌కు 22వ కార్బన్ దగ్గర ఇంకొక ఎంజైము ద్విబంధం పెడితే అది స్టిగ్మాస్టెరాల్ అవుతుంది. ఆ ఎంజైము ఏదో 2006లో గాని తేలలేదు. జూలియన్‌కు పనికొచ్చింది సరిగ్గా ఆ ద్విబంధమే. ఓజోన్‌తో అక్కడ గొలుసును తెంపవచ్చు. మిగిలిన భాగం నుంచి ప్రొజెస్టిరాన్ హార్మోను తయారవుతుంది. అంతకుముందు జంతువుల నుంచి చిటికెడు తీయడానికే బోలెడు ఖర్చయ్యేది. 1940 నుంచి గ్లిడెన్‌లో అది పౌన్ల లెక్కన తయారైంది.

కీళ్ళవాతానికి వాడే కార్టిజోన్‌ను ఆయనే కనిపెట్టారని కొందరు రాస్తుంటారు. అది నిజం కాదు. ఆయన 1949లో చౌకగా చేసి చూపింది సబ్‌స్టెన్స్ ఎస్ అనే పదార్థం. కార్టిజోన్‌కూ దానికీ తేడా ఒక్క ఆక్సిజన్. తరువాత బూజు జాతి సూక్ష్మజీవులతో ఆ ఆక్సిజన్ చేర్పించి హైడ్రోకార్టిజోన్ తయారు చేశారు.

ఇంత పేరొచ్చాక, 1950లో ఓక్ పార్క్‌లో ఇల్లు కొంటే, కాపురం పెట్టకముందే దానికి నిప్పు పెట్టబోయారు. 1951 జూన్‌లో పిల్లల పడకగది కిటికీ బయట డైనమైట్ పేల్చారు. జూలియన్ కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని రాత్రుళ్ళు తుపాకీతో కాపలా కాశారు గాని, ఇల్లు వదల్లేదు.

1953లో సొంత కంపెనీ పెట్టి నల్లజాతి రసాయన శాస్త్రవేత్తలకు ఉద్యోగాలిచ్చారు. 1961లో దాన్ని 23 లక్షల డాలర్లకు అమ్మారు. 1973లో అమెరికా జాతీయ సైన్స్ అకాడమీకి ఎన్నికయ్యారు. 1975 ఏప్రిల్ 19న కన్నుమూశారు. 1980లో డిపా యూనివర్సిటీ సైన్సు, గణిత భవనానికి ఆయన పేరు పెట్టింది. 1993లో అమెరికా తపాలాశాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది.